బ్రాయిలర్ కోళ్ల మేతలో ప్రోబయోటిక్స్

ప్రోబయోటిక్స్ అనగా తగిన మోతాదులో ఇచ్చినపుడు ఆరోగ్యానికి మేలుచేసే సజీవ సూక్ష్మజీవులు. మాంసం కొరకు పెంచే బ్రాయిలర్ కోళ్లకు వీటిని మేతలో గాని, తాగునీటిలో గాని కలిపి ఇస్తారు. లాక్టోబాసిల్లస్, బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాలు, శాకరోమైసిస్ అనే ఈస్టు వీటిలో ముఖ్యమైనవి.

పనిచేసే విధానం

తల్లికోడి వద్ద పెరిగే పిల్లకు మేలుచేసే సూక్ష్మజీవులు తల్లి నుండే అందుతాయి. హేచరీలో యంత్రాలతో పొదిగించిన పిల్లకు ఆ అవకాశం లేదు. ప్రోబయోటిక్స్ ఆ లోటును కొంత తీరుస్తాయి. ఇవి పేగులలో ముందుగా స్థానం ఏర్పరచుకొని, సాల్మొనెల్లా వంటి హానికర బాక్టీరియాను నిలదొక్కుకోనీయవు. జీర్ణక్రియ మెరుగుపడితే తిన్న మేత బరువుగా మారడం కూడా మెరుగుపడుతుంది.

చరిత్ర

పెద్దకోళ్ల పేగులలోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు ఇస్తే సాల్మొనెల్లాను నిరోధించవచ్చని ఫిన్లాండుకు చెందిన నుర్మి, రంటాలా 1973లో నిరూపించారు. పెరుగుదల కొరకు మేతలో కలిపే యాంటీబయాటిక్స్ వలన మందులకు లొంగని బాక్టీరియా వృద్ధి చెందుతుంది. ఈ కారణంగా ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి ఆ వాడకాన్ని నిషేధించింది. భారతదేశం 2019లో ఆహారం కొరకు పెంచే జంతువులలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

పరిమితులు

మేతను గుళికలుగా చేసే వేడికి లాక్టోబాసిల్లస్ నశించవచ్చు. సిద్ధబీజాల రూపంలోని బాసిల్లస్ తట్టుకుంటుంది. క్లోరిన్ కలిపిన నీరు, యాంటీబయాటిక్స్ కూడా వీటిని చంపగలవు. ఫలితాలు సూక్ష్మజీవి రకాన్ని, మోతాదును, షెడ్డు పరిస్థితులను బట్టి మారుతాయి. ప్రోబయోటిక్స్ టీకాలకు గాని, పరిశుభ్రతకు గాని ప్రత్యామ్నాయం కావు.