ఉన్నత పాఠశాలలలో ఆంగ్లరచనా బోధము

ఆంగ్లవర్తకులు బందరు రేవున 1611లో కోఠీ నెలకొల్పిరి. కాని యాభాషలో వ్రాయ నేర్పు విద్య కృష్ణాతీరమున వేరూనుటకు రెండు శతాబ్దములకు పైగా పట్టెను. 1843లో రాబర్టు నోబిలు బందరున స్థాపించిన పాఠశాల యీ మండలమున ఆంగ్లవిద్యకు పేరెన్నికగన్న యాశ్రయమయ్యెను. 1857లో చెన్నపురి విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట ఆంగ్లరచన పరీక్షాద్వారమునకు తాళపుచెవి వంటిదయ్యెను.

ఆనాటి బోధమునకు వ్యాకరణము, అనువాదము రెండు కన్నులు. విద్యార్థి సూత్రమును వల్లించును. తెలుగువాక్యమును ఆంగ్లమున దింపును. తప్పు లేని వాక్యము వ్రాయుట దీనివలన కొంత యలవడెను. కాని చెప్పదలచిన దానిని తానై కూర్చుకొను శక్తి యలవడలేదు. వ్రాయవలసిన మాట ముందుగా నోట నాడకుండుటయే దీనికి ముఖ్యకారణము.

ఐరోపాలో ఈ లోపమును 1882లో జర్మను పండితుడు వియటరును, 1899లో ఆంగ్లపండితుడు హెన్రీ స్వీటును ఎత్తిచూపిరి. భాషకు మొదటి రూపము వాక్కు, లిపి తరువాతిది యనునది వారి సిద్ధాంతము. ఆంధ్రదేశమున దీని ఫలము విచిత్రముగా పరిణమించెను. పాఠశాలల పరీక్షాధికారి యేట్సు, విశాఖపట్టణ కళాశాలాధ్యక్షుడు పి. టి. శ్రీనివాసయ్యంగారు, గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావుగారు ఈ నవీనదృష్టితో తెలుగుబోధమును పరిశీలించిరి. ఆంగ్లమున వ్రాయు బాలుని చాసరు కాలపు భాష వ్రాయుమని యెవరును నిర్బంధింపరు. తెలుగున వ్రాయువానికి మాత్రము ప్రాచీన భాష యేల విధింపవలెనను ప్రశ్న పుట్టెను. లిఖితభాషకు తనదైన సంప్రదాయమును, దేశమంతటికి నేకరూపతయు వలయునని జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ప్రత్యుత్తర మిచ్చిరి. ఆ వాదము నిస్సారమైనది కాదు. 1914లో గురజాడవారు తమ భిన్నాభిప్రాయపత్రమును విశ్వవిద్యాలయమునకు సమర్పించిరి.

ఇట్లు ఆంగ్లబోధమునుండి వచ్చిన విత్తనము తెలుగుచేనిలో మొలచి వివాదవృక్షమయ్యెను. ఆంగ్లపు తరగతిలో మాత్రము పరీక్ష వ్రాతనే కొలుచుచుండుటచే, నోటిమాట వెనుకబడియే యుండెను.

స్వాతంత్ర్యానంతరము వాక్యనిర్మాణ పద్ధతి వ్యాపించెను. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థ యేర్పడి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను. సులభవాక్యములు ముందు, క్లిష్టవాక్యములు పిదప. మొదట నోట పలికించి, తరువాత నిర్దేశించిన మేరకు వ్రాయించి, కడపట స్వతంత్రరచనకు విడుచుట దీని క్రమము. ఈ క్రమమునను వాక్యము కుదిరెను గాని, భావమునకు చోటు చాలలేదు. 1979లో ప్రభు అను విద్యావేత్త దక్షిణదేశమున ఆరంభించిన ప్రయోగము దీనిని సవరింప యత్నించెను. రైళ్ల వేళల పట్టికను చూచి ప్రయాణము నిర్ణయించుట వంటి పనులను పిల్లలకు పెట్టి, అర్థముపై దృష్టి నిలిపిన భాష వెంటవచ్చునని యాతడు నమ్మెను.

ఈ చరిత్రమున నొక విషయము స్పష్టము. పద్ధతులు మారినను, పరీక్ష యడిగినదే తరగతి వ్రాసెను. బెజవాడ గవర్నర్‌పేట మీదుగా పోవు ఏలూరు రోడ్డు పుస్తకశాలలలో సిద్ధవ్యాసములు, సిద్ధలేఖలు గల గైడ్లకు గిరాకి కలుగుట ఇందువలననే. వానిని కంఠస్థము చేసిన బాలుడు మార్కులు పొందవచ్చును. కాని తన యూరి కాలువ గట్టు తెగిన సంగతిని అధికారికి నాలుగు వాక్యములలో తెలుపలేక నిలిచిపోవును.

కావున ఉపాధ్యాయుడు విషయమును ముందుగా పిల్లలచే మాటలాడించి, వారి వాక్యములనే నల్లబల్లపై కూర్చి, వ్రాయించి, ఒకటి రెండు దోషములను మాత్రము చూపి తిరిగి వ్రాయింపవలెను. ప్రతి దోషమునకు ఎఱ్ఱసిరా గీత గీచిన కాగితము భయమును నేర్పును గాని రచనను నేర్పదు. తెలుగురచన విషయమున మన పెద్దలు పెట్టిన చర్చ ఆంగ్లరచనకును వర్తించును: వ్రాయువానికి చెప్పదగిన మాట యొకటి యుండవలెను; అది మొదట వాని నోట నుండవలెను.