నిలకడ గల లినక్స్ పంపిణీల ఎంపిక

ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన లినక్స్ కెర్నల్‌కు సిస్టమ్ ఉపకరణాలను, డెస్క్‌టాప్‌ను, అప్లికేషన్లను, వాటిని ఇన్‌స్టాల్ చేసి అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజరును జతచేసి, అవన్నీ ఒకదానితో ఒకటి పొసగేలా పరీక్షించి విడుదల చేసే సంపూర్ణ ఆపరేటింగ్ సిస్టమ్‌ను లినక్స్ పంపిణీ అని, వాడుకలో డిస్ట్రో అని అంటారు. ఇన్‌స్టాల్ చేశాక ఏళ్ల తరబడి పెద్దగా సవరణలు కోరకుండా పనిచేసే డిస్ట్రోలు కొన్ని ఉండగా, ప్రతి అమరికనూ వాడుకరి విచక్షణకే వదిలేసేవి మరికొన్ని ఉన్నాయి. కెర్నల్ అన్నిటికీ ఉమ్మడిదే కాబట్టి, ఈ తేడాకు కారణాలను ప్రధానంగా విడుదల పద్ధతి, మద్దతు కాలం, హార్డ్‌వేర్‌తో పొంతన అనే మూడు అంశాలలో వెతకాలి.

నేపథ్యం

హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన కెర్నల్‌కు, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు ఉపకరణాలు తోడవడంతో పూర్తిస్థాయి సిస్టమ్ సాధ్యమైంది. ఈ భాగాలను విడివిడిగా తెచ్చి కూర్చుకునే శ్రమను తగ్గించడానికి పాట్రిక్ వోల్కెర్డింగ్ 1993లో స్లాక్‌వేర్‌ను విడుదల చేయగా, అదే ఏడాది ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రారంభించాడు. ఆ రోజుల్లో గ్రాఫిక్ తెర కనిపించాలంటే తరచు మానిటర్ పౌనఃపున్యాలను కూడా వాడుకరే ఒక ఫైలులో రాయవలసి వచ్చేది. హార్డ్‌వేర్‌ను సిస్టమ్ తానే గుర్తించే ఏర్పాట్లు మెరుగుపడిన తరువాత, మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కెనానికల్ సంస్థ డెబియన్ ఆధారంగా 2004 అక్టోబరులో విడుదల చేసిన ఉబుంటు, ఒకే సీడీలో పట్టేలా ఒక్కో పనికి ఒక్కో అప్లికేషన్‌ను ముందే ఎంచి ఇచ్చింది. వాడుకరి చేయవలసిన నిర్ణయాలను పంపిణీదారు ముందుగానే చేసిపెట్టే ఈ ధోరణి నేటి డెస్క్‌టాప్ డిస్ట్రోలు చాలావాటిలో కనిపిస్తుంది.

విడుదల పద్ధతులు

డిస్ట్రోల విడుదల ప్రధానంగా రెండు పద్ధతుల్లో సాగుతుంది. మొదటిదైన రోలింగ్ పద్ధతిలో, మూల రచయితలు కొత్త వెర్షన్ ఇచ్చిన కొద్ది కాలానికే అది వాడుకరికి చేరుతుంది గనుక సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ తాజాగా ఉంటుంది, కానీ ఏ అప్‌డేట్‌తోనైనా ఒక అమరిక తీరు మారిపోవచ్చు. 2002లో జడ్ వినెట్ ప్రారంభించిన ఆర్చ్ లినక్స్ ఈ కోవకు చెందినది. అప్‌డేట్ చేసే ముందు ప్రాజెక్టు ప్రకటనలు చదవాలని, అవసరమైనప్పుడు వాడుకరే చేతితో సరిదిద్దుకోవాలని అది ఆశిస్తుంది. రెండవదైన స్థిర విడుదల పద్ధతిలో, ఒక తేదీ నాటికి ఉన్న వెర్షన్లను స్తంభింపజేసి, నెలల తరబడి దోషాలు ఏరివేసిన తరువాతే విడుదల చేస్తారు. డెబియన్‌లో ప్యాకేజీలు అన్‌స్టేబుల్ శాఖ నుంచి టెస్టింగ్‌కు, అక్కడి నుంచి స్టేబుల్‌కు చేరుతాయి. స్టేబుల్ విడుదలలు సుమారు రెండేళ్లకొకటి వస్తాయి. 12వ వెర్షన్ 2023 జూన్‌లో, 13వ వెర్షన్ 2025 ఆగస్టులో వెలువడ్డాయి.

స్థిర విడుదలలో సాఫ్ట్‌వేర్ పాతబడుతుంది గాని, భద్రత దానితో పాటు కొరవడదు. ఒక ప్రోగ్రామ్‌లో లోపం బయటపడినప్పుడు, దాని కొత్త వెర్షన్‌ను తేకుండా, ఆ లోపాన్ని సరిచేసే భాగాన్ని మాత్రమే పాత వెర్షన్‌లో అతికిస్తారు. దీన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. అందువల్ల వెర్షన్ అంకెను మాత్రమే చూసి ఒక ప్యాకేజీ సురక్షితం కాదని తేల్చడం సరికాదు. అప్లికేషన్ ప్రవర్తన మారదు కాబట్టి వాడుకరి పాత అమరికలు యథాతథంగా చెల్లుతాయి. అమరికల శ్రమ ఇక్కడ మాయమైపోదు, వాడుకరి భుజం మీది నుంచి ప్యాకేజీ నిర్వాహకుల భుజం మీదికి మారుతుంది. అందుకు ప్రతిగా వాడుకరి కొత్త సౌకర్యాల కోసం తరువాతి విడుదల దాకా ఆగవలసి ఉంటుంది.

మద్దతు కాలం

ఒక విడుదలకు భద్రతా సవరణలు ఎంతకాలం అందుతాయో దాన్ని మద్దతు కాలం అంటారు. ఉబుంటులో సరిసంఖ్య సంవత్సరాల ఏప్రిల్‌లో వచ్చే దీర్ఘకాలిక మద్దతు విడుదలలకు, అంటే ఎల్‌టీఎస్‌లకు, ఐదేళ్ల సాధారణ మద్దతు ఉండగా, నడుమ వచ్చే విడుదలలకు అది తొమ్మిది నెలలే. ఫెడోరా సుమారు ఆరు నెలలకొక విడుదల ఇచ్చి, ఒక్కోదాన్ని దాదాపు 13 నెలలు నిలుపుతుంది గనుక, దాన్ని వాడేవారు ఏడాదికి ఒకసారైనా పెద్ద అప్‌గ్రేడ్‌కు సిద్ధపడాలి. క్లెమెంట్ లెఫెబ్ర్ 2006లో ప్రారంభించిన లినక్స్ మింట్, 2014లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి తన ప్రధాన శాఖకు ఉబుంటు ఎల్‌టీఎస్‌లనే పునాదిగా తీసుకుంటోంది. పునాది తరచు కదలకపోవడం వల్ల దాని రూపకర్తల దృష్టి సినమన్ డెస్క్‌టాప్ మీద, నిత్యం వాడే ఉపకరణాల మీద నిలిచింది.

మద్దతు హామీ ఇచ్చిన సంస్థ నిర్ణయం మారితే ఆ కాలమూ మారవచ్చు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌కు ఉచిత ప్రత్యామ్నాయంగా ఉంటూ 2029 వరకు కొనసాగుతుందని భావించిన సెంట్‌ఓఎస్ లినక్స్ 8కు 2021 చివరితోనే మద్దతు ముగుస్తుందని 2020 డిసెంబరులో ప్రకటించడంతో, ఆ లోటును పూరించడానికి అల్మాలినక్స్, రాకీ లినక్స్ 2021లో వెలువడ్డాయి. కాబట్టి ఒక డిస్ట్రోను ఎంచుకునేటప్పుడు, దాని వెనుక ఉన్నది వాణిజ్య సంస్థా, స్వచ్ఛంద సముదాయమా, ఒకరిద్దరు వ్యక్తులా అన్నది కూడా పరిశీలించదగిన విషయం.

హార్డ్‌వేర్ పొంతన

లినక్స్‌లో డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపించే ప్రోగ్రాములు, అధికభాగం కెర్నల్‌లోనే ఉంటాయి. పాత కెర్నల్ ఉన్న నిలకడైన డిస్ట్రో, దాని విడుదల తరువాత మార్కెట్‌లోకి వచ్చిన ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్‌ను గుర్తించలేకపోవచ్చు. ఈ చిక్కును తగ్గించడానికి ఉబుంటు తన ఎల్‌టీఎస్‌లకు మధ్యమధ్యలో కొత్త కెర్నల్‌ను కూడా అందిస్తుంది. పరికరం లోపలే నడిచే ఫర్మ్‌వేర్ మరొక అడ్డంకి. స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను డెబియన్ చాలాకాలం అధికారిక ఇన్‌స్టాలర్‌కు దూరంగా ఉంచినా, 2022లో సభ్యుల ఓటింగు అనంతరం 12వ వెర్షన్ నుంచి చేర్చుకోవడంతో తొలి ఇన్‌స్టలేషన్ తేలికైంది. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కు ఓపెన్ సోర్స్ డ్రైవర్లు సిస్టమ్‌తోనే వస్తాయి. ఎన్‌విడియా సొంత డ్రైవర్ మాత్రం కెర్నల్‌కు వెలుపలిది కావడం వల్ల, కెర్నల్ మారిన ప్రతిసారీ దానికి తగిన మాడ్యూల్ సిద్ధం కావాలి, అది కుదరకపోతే తెర నలుపుగా మిగలవచ్చు. ఇన్‌స్టాల్ చేయకుండానే యూఎస్‌బీ నుంచి లైవ్ సెషన్‌లో నడిపి వైఫై, ధ్వని, స్లీప్, ప్రింటర్ పరీక్షించుకోవడం ఈ పొంతనను ముందే తెలుసుకోవడానికి అనుసరించే పద్ధతి.

బయటి మూలాలు, వెనక్కి మళ్లే ఏర్పాట్లు

నిలకడైన డిస్ట్రోలు చెడిపోవడానికి తరచు కనిపించే కారణం, వాడుకరి అధికారిక ప్యాకేజీ భాండాగారాలకు బయటి మూలాలను జోడించడం. వాటి నుంచి వచ్చే లైబ్రరీలు సిస్టమ్ లైబ్రరీల స్థానాన్ని ఆక్రమించి, తరువాతి అప్‌గ్రేడ్‌లో ఘర్షణకు దారితీస్తాయి. తమకు కావలసిన లైబ్రరీలను విడిగా తెచ్చుకునే ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ పద్ధతుల వల్ల, పునాదిని కదపకుండానే కొత్త అప్లికేషన్ వాడుకోవచ్చు. డిస్క్‌లో చోటు మాత్రం ఎక్కువ పడుతుంది.

అప్‌డేట్ బెడిసికొడితే సిస్టమ్‌ను పూర్వస్థితికి తెచ్చేందుకు మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే ఉపకరణం ఉంది. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ రోలింగ్ పద్ధతిదే అయినా, విడుదలకు ముందు స్వయంచాలక పరీక్షలు జరపడం, బిటిఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో అప్‌డేట్‌కు ముందటి స్థితిని భద్రపరచడం ద్వారా నష్టాన్ని పరిమితం చేస్తుంది. ఫెడోరా సిల్వర్‌బ్లూ పునాది వ్యవస్థను మార్చడానికి వీల్లేకుండా ఉంచి, అప్‌డేట్‌ను ఒక ప్రత్యేక ప్రతిగా సిద్ధం చేసి, విఫలమైతే పాత ప్రతితో బూట్ కావడానికి వీలిస్తుంది. ఇవి కాపాడేది ప్రధానంగా సిస్టమ్‌నే గనుక, సొంత ఫైళ్లకు వేరే బ్యాకప్ తప్పనిసరి.

తెలుగు వాడుక

తెలుగు చదవడానికి లోహిత్, నోటో వంటి ఖతులు, రాయడానికి ఐబస్ వంటి ఇన్‌పుట్ వ్యవస్థ, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రధాన డిస్ట్రోలన్నిటిలో లభిస్తాయి. డెబియన్ ఇన్‌స్టాలర్‌ను తెలుగులోనే నడపవచ్చు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించగా, కేంద్ర ప్రభుత్వ సంస్థ సి-డాక్ డెబియన్ ఆధారంగా భారతీయ భాషలకు అనువుగా బాస్ లినక్స్‌ను తెచ్చింది. అనువాదాలు మూల ప్రాజెక్టుల్లో చేరితే ఆ ఫలితం అన్ని డిస్ట్రోలకూ అందుతుంది గనుక, తెలుగు కోసమే ప్రత్యేక డిస్ట్రోను ఆశ్రయించవలసిన అవసరం చాలావరకు తగ్గింది.

ఎంపిక

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో, విండోస్ 11కు అర్హత లేని పాత కంప్యూటర్లకు లినక్స్ ఒక ప్రత్యామ్నాయంగా ముందుకొచ్చింది. అటువంటి యంత్రాల హార్డ్‌వేర్ అప్పటికే కెర్నల్‌కు పరిచితమై ఉంటుంది కాబట్టి, మింట్, ఉబుంటు ఎల్‌టీఎస్, డెబియన్ స్టేబుల్ తగినవి. ర్యామ్ తక్కువగా ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ మేలు. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌కు తాజా కెర్నల్ ఇచ్చే ఫెడోరా, ఏటా ఒక అప్‌గ్రేడ్ చేసుకునే షరతుపై, తక్కువ చిక్కులు పెడుతుంది. సర్వర్లకు పదేళ్ల మద్దతు గల రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్, దానికి అనుగుణంగా రూపొందిన అల్మాలినక్స్, రాకీ లినక్స్ సరిపోతాయి. వీటిలో దేన్ని ఎంచుకున్నా భద్రతా అప్‌డేట్‌లు వాటంతట అవే చేరేలా అమర్చడం, మద్దతు ముగింపు తేదీకి ముందే తరువాతి విడుదలకు మారడం అనే రెండు పనులు మాత్రం వాడుకరికి తప్పవు.