'కేవల నైపుణ్యం': రమ్మీపై ఒక చట్టపద వ్యాఖ్యానం

నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రాంతం నిజాం రాజ్యంలోనిది. అందువల్ల అక్కడి పేకాటకు ఒకప్పుడు 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద చట్టమే వర్తించింది. అది 'కేవల నైపుణ్య' క్రీడలను మినహాయించింది. అయితే 'కేవల' పదం సందిగ్ధం. ముక్కలు కలిపి పంచే ప్రతి ఆటలోనూ అదృష్టం ఉంటుంది.

సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై 1963లో జరిగిన దాడితో ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది విడవాలో నిర్ణయించడం నైపుణ్యమేనని, కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్య క్రీడేనని 1967లో ధర్మాసనం తేల్చింది. ఆ వ్యాఖ్యానంతో 'కేవల' పదానికి 'ప్రధాన' అనే అర్థం స్థిరపడింది.

2017 నాటి తెలంగాణ చట్టసవరణ డబ్బు ఒడ్డి ఆడే నైపుణ్య క్రీడలనూ నిషేధ పరిధిలోకి తెచ్చింది. దాంతో పందెపు రమ్మీకి ఆ వ్యాఖ్యానం ఇచ్చిన రక్షణ ఈ జిల్లాల్లోనూ తొలగింది.