రేఖావిద్య - నాడును నేడును



మా జూలూరుపాడులో మొన్న నొక పెద్దమనిషి నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, మా మనుమరాలు ఇంటర్మీడియట్టు ముగించినది. కంప్యూటరుపై పటములు గీయు క్యాడ్ అను విద్య నేర్చుటకు హైదరాబాదు పోయెదననుచున్నది. పత్తి యమ్మిన సొమ్ము దానికై వెచ్చింపవచ్చునా? బొమ్మలు గీయుటయు నొక చదువేనా?" అని యడిగిరి. నేనప్పుడు తగిన ప్రత్యుత్తర మీయలేకపోతిని. నేటి ప్రసంగము వారికి నా సమాధానము.

వస్తువును చేయుటకు ముందు దానిని రేఖలలో నూహించుట మనకు క్రొత్త గాదు. పాలంపేటలో 1213వ సంవత్సరమున రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప దేవాలయమును చూచినవారు, ఆ స్తంభములు కొలత లేక నిలిచినవని చెప్పజాలరు. మన వడ్రంగియు బండిచక్రము చేయునపుడు కుంభి చుట్టును ఆకుల యెడమును సమముగా పంచుకొనిన పిమ్మటనే ఉలి పట్టును. కాని యీ విద్య తండ్రిచేతి నుండి కొడుకుచేతికి వచ్చినదే గాని, అందఱికిని అందినది కాదు. ఆ యింట పుట్టనివారికి ద్వారము మూసియేయుండెను.

ఆ ద్వారమును దెరచినది పాఠశాల. 1794లో మద్రాసునందు సర్వే పాఠశాల యొకటి స్థాపింపబడెను. అదియే కాలక్రమమున గిండీ ఇంజనీరింగు కళాశాలయైనది. ఒకరు గీసిన పటమును జూచి, వారి ముఖ మెఱుగని వేఱొకరు, వేఱొక యూరిలో, అదే వస్తువును చేయగలుగుట కాగితపు పటముచే కలిగిన మేలు.

1963లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండు అను పరిశోధకుడు 'స్కెచ్‌ప్యాడ్' అనుదానిని రచించెను. వెలుగుకలముతో గాజుతెరపై గీత గీయగా యంత్రము దానిని జ్ఞప్తియం దుంచుకొనెడిది. రెండు గీతలు సమాంతరములుగా నుండవలెనని యాజ్ఞాపించిన, నట్లే సరిదిద్దెడిది. 1982లో 'ఆటోక్యాడ్' వెలువడిన పిమ్మట బల్లపై నమరు చిన్న యంత్రమునందును ఈ పని సాధ్యమయ్యెను.

మన హైదరాబాదునందు ఈ విద్యకు నెలవులు లేకపోలేదు. పనిముట్ల రూపకల్పన నేర్పుటకై 1968లో బాలానగరమున కేంద్రప్రభుత్వము నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నేడు క్యాడ్‌ను గూడ బోధించుచున్నది. 1991లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డిగారు ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ అను సంస్థను స్థాపించి, విదేశముల వారికి వలయు ఇంజనీరింగు పటములను మనవారిచేత చేయించిరి. 2014లో దానికి సైయెంట్ అని పేరు మార్చిరి. కావున బొమ్మలు గీయుట కూడు పెట్టునా యను సందేహము వలదు.

అయితే, యంత్రము గీసినంతమాత్రమున గీత సత్యము కాదు. 1871లో ఇల్లెందు ప్రాంతమున విలియం కింగు బొగ్గును కనుగొన్నది మొదలు మన సీమ బ్రతుకు గనులతో ముడిపడియున్నది. గనిలోనివారికి పటమే కన్ను. 2002 జూలైలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, క్వీక్రీక్ గనివారు ప్రక్కనున్న పాతగని హద్దును సరిగా చూపని పటమును నమ్మి త్రవ్విరి. పాతగనిలో నిలిచిన నీరు పెల్లుబికి తొమ్మండుగురు కార్మికులు లోపల చిక్కుకొనిరి. మూడు దినములకు పైగా శ్రమించి వారినందఱిని సజీవులుగా వెలికిదీసిరి. పటమందలి దోష మెంత పని చేయునో దీనివలన తెలియును.

కావున నేర్చుకొను క్రమము ముఖ్యము. మొదట కాగితము, స్కేలు, కంపాసు. ఒక పెట్టెను ముందునుండి, పైనుండి, ప్రక్కనుండి చూచిన నెట్లుండునో చేతితో గీయవలెను. పిదప కంప్యూటరు. పుస్తకములోని బొమ్మను చూచి వ్రాయుట గాక, ఇంటి తలుపునో నాగలినో స్వయముగా కొలిచి గీయవలెను. కడపట ఆ పటమును వడ్రంగి చేతి కీయవలెను. అతడు మరల నేమియు నడుగక ఆ వస్తువును చేయగలిగెనా, విద్య పట్టుబడినట్లే. అడిగెనా, ఆ ప్రశ్నయే మఱుసటి పాఠము. ఫ్రీక్యాడ్ వంటివి ఉచితముగా లభించును గనుక, రుసుము చెల్లించుటకు ముందే కొన్నాళ్లు ఇంటనే సాధన చేసి, మనసు నిలుచునో లేదో చూచుకొనవచ్చును.

ఇక నా తప్పొకటి చెప్పుకొనవలెను. నేను ఉపాధ్యాయుడనైన తొలి దినములలో, శబ్దములు వల్లెవేయించుచుండగా ఒక బాలుడు పలకపై బండిచక్రము గీసికొనుచుండెను. కోపించి తుడిపించితిని. పండ్రెండాకులును సమముగా పంచియుండెనని పలక తుడిచిన పిమ్మటగాని నాకు తోచలేదు. ఆ బాలుడు మరల నా తరగతిలో బొమ్మ గీయలేదు.

అయ్యా, మీ మనుమరాలిని పంపుడు. అయితే రుసుము కట్టుటకు ముందు, అచటి గురువు వస్తువులను కొలిపించి గీయించునా, లేక మీటలు నొక్కుట మాత్రమే నేర్పునా యని విచారింపుడు. మొదటివాడైనచో పత్తిసొమ్ము వృథా కాదు.

సెలవు.