కంప్యూటర్లో తెలుగు అక్షరం: పుట్టుపూర్వోత్తరాలు

మా నాయన నోటుపుస్తకంలో రాసుకున్న ఊరి సంగతుల్ని పదిహేనేళ్ల కిందట ప్రొద్దుటూరులో టైపు చేయించి సీడీలో దాచుకున్నాం. మొన్న ఖాజీపేటలో ప్రింటు తీయించబోతే తెరమీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగాపులగంగా కనిపించాయి. "ఆ ఫాంటు ఈ కంప్యూటర్లో లేదునా, కొత్త విండోస్‌లో ఎక్కదు" అన్నాడు డీటీపీ పిల్లోడు.

ఈ చిక్కు పాతదే. అప్పటి ఫాంటులో ఉండేవి 256 గళ్లే. గుణింతాలు, వత్తులు కలుపుకుంటే తెలుగుకు అవి చాలవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేసి, తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో సర్దారు. ఆ గళ్లు ఇంగ్లీషు అక్షరాలవి. కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాన్నే, ఫాంటు దానికి తెలుగు బొమ్మ తొడిగేది. ఏ ముక్క ఏ గడిలో ఉండాలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి.

అందరికీ ఒకే పద్ధతి ఉండాలని మన దేశం ఇస్కీ అనే ప్రమాణాన్ని తయారుచేసుకుంది. 1991లో వచ్చిన యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణం ఇస్కీ 1988 నాటి వరుసనే తీసుకుని తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ఒక్కో స్థానానికి ఒక్కో సంఖ్య: 'క'ది 3093. ఖాజీపేటలోనైనా కాలిఫోర్నియాలోనైనా అంతే. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటుతో వచ్చింది. కెనడాలో ఉన్న తిరుమల కృష్ణదేశికాచారి పోతన, వేమన ఫాంటులను ఉచితంగా పంచారు. అయినా పెళ్లిపత్రికల అంగళ్లు పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకున్నాయి. దానికి యూనికోడ్ తెలియదు.

సంఖ్య అందరిదైనా, దాన్ని అక్షరంగా గీసేది ఆపరేటింగ్ సిస్టమే. 2018 ఫిబ్రవరిలో ఆ సంగతి తెలిసొచ్చింది. 'జ్ఞా'లో దీర్ఘానికి ముందు కంటికి కనపడని ఒక గుర్తు చేరితే చాలు, ఐఫోన్‌లో మెసేజీల యాప్ కుప్పకూలేది. దిద్దుబాటు ఆపిల్ చేతిలోనే ఉంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 కూర్పు వచ్చేదాకా కోట్లమంది మాట్లాడే భాష ఎదురుచూడాల్సి వచ్చింది.

అందుకే లైనక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మనకు అవసరం. దాని మూల కోడ్ ఎవరైనా చదవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. 'స్వేచ్ఛ' సంస్థ కార్యకర్తలు, విద్యార్థులు దాన్ని తెలుగులోకి తెచ్చింది ఈ నమ్మకంతోనే. మన బడుల్లో, ఆఫీసుల్లో పుట్టే ప్రతి కాగితం యూనికోడ్‌లో ఉండాలి.

ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో రేనాటి చోళుడు ధనంజయుడి కాలపు శాసనం క్రీ.శ. 575 నాటిది. కొంత చెదిరినా, లిపి నేర్చినవాళ్లు ఎవరి అనుమతీ లేకుండా చదువుకున్నారు. మా నాయన మాటలకు పదిహేనేళ్లు కూడా ఆయుష్షు లేకపోయింది.

ఆ మాటల్ని పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు తిరిగొచ్చాయి. వత్తులు మాత్రం అక్కడక్కడా రాలిపోయాయి. నోటుపుస్తకం పక్కన పెట్టుకుని వాటిని ఒక్కొక్కటే దిద్దుతున్నాను.