నంద్యాల, ఆళ్లగడ్డ: ఉప ఎన్నికల చరిత్ర

నంద్యాల లోక్‌సభ స్థానానికి, దాని పరిధిలోని నంద్యాల, ఆళ్లగడ్డ అసెంబ్లీ స్థానాలకు దేశంలో పేరు తెచ్చింది సాధారణ ఎన్నికల కంటే ఉప ఎన్నికలే. తర్వాత రాష్ట్రపతి అయిన ఒక నాయకుడు, పదవిలో ఉన్న ఒక ప్రధాని ఈ సీటు నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఇద్దరూ స్థానికులు కారు, ఇద్దరూ చివరికి సీటు వదులుకుని పోయినవారే. ప్రధాని కోసం దాన్ని ఖాళీ చేసిందీ, ఆయన వెళ్లాక మళ్లీ చేజిక్కించుకున్నదీ మాత్రం ఆళ్లగడ్డ వర్గాలే.

మొదటి పేరు నీలం సంజీవరెడ్డిది. అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయన స్వగ్రామం. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోగా, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లకు 41 గెలుచుకుంది. చేజారిన ఆ ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ తరఫున గెలిచిన సంజీవరెడ్డి మార్చిలో స్పీకరయ్యారు, జులైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. సీటు నాలుగు నెలలకే ఖాళీ అయింది.

అసలు కథ 1991లో నడిచింది. రాజీవ్ గాంధీ హత్య తర్వాత జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసే నాటికి పి.వి. నరసింహారావు ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు. ఆరు నెలల్లోగా పార్లమెంటులో అడుగుపెట్టకపోతే పదవి పోతుంది. అప్పుడే నంద్యాల నుంచి గెలిచి ఉన్న ఆళ్లగడ్డ కాంగ్రెస్ నాయకుడు గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి ఆయనకు దారి ఇచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న కారణంతో ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. కాంగ్రెస్‌ను ఓడించడమే లక్ష్యంగా పుట్టిన పార్టీ, కాంగ్రెస్ ప్రధాని ముందు బరి వదిలి తప్పుకుంది. భారతీయ జనతా పార్టీ మాత్రం బంగారు లక్ష్మణ్‌ను పోటీకి దించింది. పి.వి. ఆధిక్యం 5 లక్షల 80 వేలు దాటి, అప్పటికి ప్రపంచ రికార్డుగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది.

ఆ రికార్డును పి.వి. జనాదరణకు కొలమానంగా చెప్పుకోవడం ఇప్పటికీ ఉంది. అది సగం నిజం. ప్రధాన ప్రతిపక్షం లేని పోటీలో వచ్చిన అంకె అది. నిజమైన పోటీ ఎదురైతే ఏమవుతుందో 1996లో తేలింది. తెలుగుదేశం భూమా నాగిరెడ్డిని దించగానే అదే పి.వి. ఆధిక్యం లక్ష లోపుకు పడిపోయింది. ఆ ఎన్నికల్లో ఆయన ఒడిశాలోని బరంపురంలోనూ నిలబడి గెలిచారు. రెండింట్లో ఒకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడు నంద్యాలనే వదులుకున్నారు. ఉప ఎన్నికలో నాగిరెడ్డి గెలిచి 1998, 1999లోనూ సీటు నిలబెట్టుకున్నారు.

నాగిరెడ్డి రాజకీయ ప్రవేశమే ఉప ఎన్నికతో జరిగింది. ఆళ్లగడ్డ ఎమ్మెల్యేగా ఉన్న అన్న శేఖరరెడ్డి మరణించడంతో 1992లో తమ్ముడు వచ్చారు. తమ్ముడు లోక్‌సభకు వెళ్లడంతో 1997లో ఆయన భార్య శోభా నాగిరెడ్డి వచ్చారు. 2009లో ప్రజారాజ్యం టికెట్ మీద గెలిచిన ఆమె, అవిశ్వాస తీర్మానంలో విప్ ధిక్కరించి అనర్హురాలై, 2012లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి మళ్లీ గెలిచారు. ఒక్క నియోజకవర్గానికి ఇన్ని ఉప ఎన్నికలు రావడం, ప్రతిసారీ ఒకే ఇంటి పేరు బ్యాలెట్‌కు ఎక్కడం మామూలు విషయం కాదు.

2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాలలో ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు వస్తుండగా ఊరి దగ్గర ఆమె వాహనం బోల్తా పడింది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యపు కుప్పను తప్పించబోయి అదుపు తప్పిందని అప్పటి వార్తలు చెప్పాయి. మర్నాడు హైదరాబాద్‌లో ఆమె కన్నుమూశారు. పోలింగ్‌కు రెండు వారాలే ఉంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా వేయాలని చట్టం. వైఎస్సార్ కాంగ్రెస్ అప్పటికి రిజిస్టరు అయిన పార్టీయే తప్ప గుర్తింపు పొందినది కాదు. దాంతో ఆమె పేరు ఓటింగ్ యంత్రం మీద అలాగే ఉండిపోయింది. మే 7న జనం ఆమెకే ఓట్లు వేశారు. తెలుగుదేశం అభ్యర్థి గంగుల ప్రభాకరరెడ్డి మీద ఆమె గెలిచారు.

అమెరికాలో ఇలాంటిదే 2000లో జరిగింది. మిస్సోరీ గవర్నర్ మెల్ కార్నహాన్ సెనేట్‌కు పోటీ చేస్తూ అక్టోబర్ 16న విమాన ప్రమాదంలో మరణించారు. బ్యాలెట్ మార్చే గడువు దాటిపోయింది. నవంబర్‌లో ఓటర్లు ఆయన్నే గెలిపించారు, ఓడిపోయినది సిట్టింగ్ సెనేటర్ జాన్ యాష్‌క్రాఫ్ట్. అక్కడ కొత్త గవర్నర్ నేరుగా భార్య జీన్ కార్నహాన్‌ను సెనేటర్‌గా నియమించారు. ఇక్కడ అలాంటి వెసులుబాటు లేదు. ఆళ్లగడ్డకు మళ్లీ ఉప ఎన్నిక వచ్చింది, కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. దారులు వేరైనా సీటు చేరింది ఇంట్లోకే.

చనిపోయినవారి కుటుంబంపై పోటీ పెట్టకూడదన్న ఆ మర్యాద మూడేళ్లు కూడా నిలవలేదు. 2014లో నంద్యాల నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన నాగిరెడ్డి 2016లో కూతురితో పాటు తెలుగుదేశంలోకి వెళ్లి, 2017 మార్చి 12న మరణించారు. ఖాళీ అయిన సీటు ఎవరిది? మా గుర్తు మీద గెలిచినది కాబట్టి మాదేనంది వైఎస్సార్ కాంగ్రెస్. మా నాయకుడు పోయాడు కాబట్టి మాదంది తెలుగుదేశం. అప్పటిదాకా తెలుగుదేశంలో ఉన్న శిల్పా మోహనరెడ్డి టికెట్ కోసం వైఎస్సార్ కాంగ్రెస్‌లోకి దూకారు. ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత ఇద్దరూ ఒక్క పట్టణం కోసం తలపడ్డారు. ప్రతిపక్ష నేత జగన్‌మోహన్‌రెడ్డి రోజుల తరబడి అక్కడే మకాం వేశారు. రోడ్ల వెడల్పు పనులు, ఇళ్ల మంజూర్లు ఒక్కసారిగా పుంజుకున్నాయి. ఏళ్ల తరబడి అడిగితే కదలనివి ఎన్నికల వాసన తగలగానే కదలడం నంద్యాలకు మాత్రమే పరిమితం కాదనుకోండి. ఆగస్టు 23న పోలింగ్ జరగ్గా, తెలుగుదేశం తరఫున శేఖరరెడ్డి కొడుకు భూమా బ్రహ్మానందరెడ్డి 27 వేలకు పైగా ఆధిక్యంతో నెగ్గారు.

భూమా కుటుంబం తెలుగుదేశంలోకి రావడంతో, అక్కడున్న గంగుల వర్గం వైఎస్సార్ కాంగ్రెస్‌కు మారింది. జెండాలు తారుమారయ్యాయి, ఎదురెదురు ఇళ్లు మాత్రం అవే. 2019లో ప్రభాకరరెడ్డి కొడుకు బ్రిజేంద్రరెడ్డి అఖిలప్రియను ఓడించారు. 2024లో అఖిలప్రియ ఆయన్ను ఓడించారు.

అదే 2024లో, ప్రచారం ముగిసే మే 11న సినీ నటుడు అల్లు అర్జున్ తన మిత్రుడు, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శిల్పా రవిచంద్రకిశోర్‌రెడ్డి కోసం నంద్యాలకు వచ్చారు. మేనత్త మరిది పవన్ కల్యాణ్ అప్పుడు ఎదుటి కూటమిలో ఉండటంతో రాష్ట్రమంతా దాని మీదే చర్చ. అభ్యర్థి ఇంటి ముందు జనం విరగబడ్డారు, నిషేధాజ్ఞలు ఉల్లంఘించారని పోలీసులు కేసు పెట్టారు. ఓట్లు లెక్కించాక నంద్యాలలో తెలుగుదేశం అభ్యర్థి ఎన్.ఎం.డి. ఫరూక్ గెలిచారు. కేసును నవంబర్‌లో హైకోర్టు కొట్టేసింది.