బొమ్మను కదిపే చెయ్యి

మోత్కూరు చుట్టుపక్కల బడుల్లో ఈ మధ్య ఒక మార్పు కనిపిస్తోంది. తెర మీద స్లైడ్లు నడుస్తుంటాయి, టీచరు మాత్రం కంప్యూటరు దగ్గర ఉండరు. చివరి బెంచీ పక్కన నిలబడి, చేతిలోని ఫోను మీద బొటనవేలు ఆనించి బొమ్మ మారుస్తారు. చూసినవాళ్లు దీన్ని పట్నం నుంచి వచ్చిన కొత్త సౌకర్యం అనుకుంటారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన నాకు మాత్రం ఇందులో ఒక పాత చిక్కు వీడడం కనిపిస్తోంది. పదిమంది ముందు బొమ్మ చూపి విషయం చెప్పేటప్పుడు ఆ బొమ్మను ఎవరు కదపాలి? చెప్పేవాడా, ఇంకొకడా? మా తెలంగాణలో ఈ ప్రశ్నకు కనీసం నాలుగు వందల ఏండ్ల చరిత్ర ఉంది.

మాది పద్మశాలి వాడ. నా చిన్నప్పుడు పంటలు ఇండ్లకు చేరినంక కూనపులివాళ్లు వచ్చేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, ఆ కులం మూలపురుషుడైన భావనాఋషి కథ చెప్పడం కూనపులివాళ్ల మిరాశి. ఏ ఊళ్లు ఏ కుటుంబానివో తాతల నాడే పంపకం జరిగి ఉండేది. ఇట్లా కులానికొక కథకుడు: గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. కథలు వేరైనా అందరి చేతిలోనూ ఉండేది బొమ్మల పటమే.

ఆ పటాలు రాసేవాళ్లు నకాషీ చిత్రకారులు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల పేరుతోనే ఆ బొమ్మలు లోకానికి తెలుసు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూత పట్టించి ఆరబెడతారు. ఆ పైన ఎర్రటి నేల, దాని మీద దేవుళ్లు, రాక్షసులు, మనుషులు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు. వరుసకూ వరుసకూ నడుమ పూల అంచు. మొదటి వరుసలో వినాయకుడు ఉండి తీరాలి. హైదరాబాదులోని జగదీశ్, కమల మిత్తల్ భారతీయ కళా మ్యూజియంలో ఒక భావనాఋషి పటం ఉంది, దాని మీది కాలం 1625. కీర్తన తంగవేలు అనే పరిశోధకురాలు ఈ తెలంగాణ పటాల మీదనే అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి 1998లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు.

పటం చూపే తీరు నాకు ఇప్పటికీ కండ్లకు కట్టినట్టే ఉంది. రెండు గుంజల మీద అడ్డకర్ర కట్టి దానికి పటం వేలాడదీసేవాళ్లు. చుట్ట విప్పుతూ ఒక్కొక్క వరుస చూపేవాళ్లు. పెద్ద కథకుడి చేతిలో సన్నటి పుల్ల. పక్కన వంత పాడేవాళ్లు, తాళం, మద్దెల. కథ నాలుగైదు రాత్రులు నడిచేది. కథకుడు పటం వైపు వీపు పెట్టి, మా వైపు ముఖం పెట్టి నిలబడేవాడు. బొమ్మ ఎక్కడుందో పుల్లకు తెలుసు, ఆయన చూపు మా మీదనే. భావనాఋషి కాలవాసురుడితో తలపడే ఘట్టంలో జనం బిగుసుకుపోయి కూర్చుంటే అక్కడే ఇంకో పాట ఎత్తుకునేవాడు. ముసలివాళ్లు కునుకు తీస్తుంటే పటాన్ని కిందికి జరిపేవాడు. కథ నడక వినేవాళ్ల ముఖాలను బట్టి సాగేది. ఆ నడకను పట్టుకున్న చెయ్యి, చెప్పే నోరు ఒకే మనిషివి.

తర్వాత వచ్చిన యంత్రాలు మెల్లమెల్లగా ఆ రెంటినీ వేరు చేశాయి.

జాతరలో బయోస్కోపు పెట్టె వచ్చేది. పిల్లలం రంధ్రాలకు కండ్లు ఆనించేవాళ్లం. పెట్టె యజమాని పిడి తిప్పుతూ పాట పాడేవాడు. బొమ్మా మాటా ఇంకా ఒకరి చేతిలోనే ఉన్నాయి కానీ మా ముఖాలు పెట్టెలో దాగిపోయేవి. మాకు నచ్చిందో లేదో ఆయనకు తెలిసే దారి లేదు.

అంతకన్నా ముందే దేశంలోకి మాజిక్ లాంతరు వచ్చింది. 1659 ప్రాంతంలో డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ రూపొందించిన ఈ పరికరం గాజు పలక మీది బొమ్మను దీపం వెలుగుతో గోడ మీద పెద్దదిగా చూపేది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు దీన్ని ఊరూరా తిప్పారు. మహారాష్ట్రలోని కల్యాణ్‌లో పట్వర్ధన్ కుటుంబం 1892లో 'శాంబరిక్ ఖరోలికా' పేరుతో పురాణ కథలను ఈ లాంతరుతో ప్రదర్శించింది. అయితే లాంతరు ఉండేది జనం నడుమ, ఉపన్యాసకుడు నిలబడేది తెర పక్కన. గాజు పలక మార్చడానికి ఇంకో మనిషి కావాలి. ఉపన్యాసకుడు కర్రతో నేల మీద కొట్టో, గంట మోగించో లాంతరు మనిషికి కబురు అందించేవాడు. చెప్పేవాడి నోటికీ బొమ్మ మార్చే చేతికీ మధ్య దూరం ఏర్పడింది అప్పుడే.

మా ఊరివాళ్లు గాజు పలకల బొమ్మలు ఎక్కువగా చూసింది సినిమా హాల్లో. ఆట మొదలయ్యే ముందు బట్టల దుకాణం ప్రకటన, పొగ తాగవద్దన్న హెచ్చరిక, రాబోయే సినిమా పేరు స్లైడ్లుగా పడేవి. వాటిని మార్చే ఆపరేటరు గోడ అవతల గదిలో ఉండేవాడు, ఎవరికీ కనిపించేవాడు కాదు.

1975లో బొమ్మ ఆకాశం నుంచే దిగింది. ఆ ఏడు ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం నడిపాయి. ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2400 పల్లెలకు కార్యక్రమాలు అందాయి. ఇనుప జాలీతో చేసిన పెద్ద గొడుగు లాంటి యాంటెన్నాలు పల్లెల్లో వెలిశాయి. ఆంధ్రప్రదేశ్ వంతులో మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు తెలుగులో పాఠాలు, వ్యవసాయం, ఆరోగ్యం. మా నల్లగొండకు ఆ అవకాశం రాలేదు. ఆ పల్లెల్లో పనిచేసిన పెద్ద టీచర్లతో తర్వాత మాట్లాడాను. పిల్లలు కరెంటు లేని ఊళ్లో టీవీ చూసి ఎంత ఆనందించారో చెబుతూనే వాళ్లొక మాట అనేవాళ్లు: అర్థం కాని చోట ఆపమని పిల్లలు అడిగితే ఆపే వీలు లేదు. చెప్పే మనిషి ఎక్కడో ఉన్నాడు, బొమ్మ ఇక్కడ పరుగెత్తుతోంది, తరగతిలో ఉన్న టీచరు కూడా పిల్లలతో పాటు ప్రేక్షకుడే.

నా శిక్షణ రోజుల నాటికి స్లైడ్ ప్రొజెక్టరు, ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు ఉన్నాయి. కొడాక్ కంపెనీ 1961లో తెచ్చిన కరోసెల్ అనే ప్రొజెక్టరులో గుండ్రటి తట్టలో 80 స్లైడ్లు పట్టేవి. తీగ చివర ఒక మీట ఉండేది, అది నొక్కితే స్లైడు జరిగేది. తీగ ఎంత పొడుగో ఉపన్యాసకుడి స్వేచ్ఛ అంత. పల్లెటూరి బడికి అదీ చేరలేదు. ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద పారదర్శక షీటు పెట్టి స్కెచ్ పెన్నుతో రాసేవాళ్లం. దీపం వేడిలో యంత్రానికి అతుక్కుని నిలబడాలి. వెనక బెంచీల్లో ఏం జరుగుతుందో వెలుగు కండ్లల్లో పడి కనిపించేది కాదు.

1987లో ఫోర్‌థాట్ అనే చిన్న అమెరికా కంపెనీ పవర్‌పాయింట్‌ను విడుదల చేసింది. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ దాని వెనకున్న ముఖ్యులు. మొదటి రూపంలో అది ఓవర్‌హెడ్ షీట్లు ముద్రించుకోవడానికే పనికొచ్చేది. అదే ఏడు మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొన్నది. పదేండ్లకు ఆ పేరు తెలుగు పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కింది. 1997లో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి లాప్‌టాప్ మీద రాష్ట్రం గురించి వివరించారు. 2016 మార్చి 31న అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు తెలంగాణ శాసనసభలోనే తెర పెట్టించి సాగునీటి ప్రాజెక్టులను పటాలతో గంటల తరబడి చెప్పారు. నీళ్ల కోసం తరాలుగా ఎదురుచూసిన మా జిల్లాలో ఆ రోజు టీవీల ముందు రైతులు కూర్చుని మ్యాపులు చూశారు. నదుల పేర్లు, ఎత్తిపోతల లెక్కలు చాయ హోటళ్లలో చర్చకు వచ్చాయి. బొమ్మ చూపి చెప్పిన మాటకు ఉన్న బలం అది.

అదే ఏడు నవంబరులో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. కంప్యూటరు, ప్రొజెక్టరు ఒకే పెట్టెలో ఉండే కె-యాన్ యంత్రాలు వచ్చాయి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. బడులు మూసి ఉన్న కాలంలో అవి పిల్లలకు గొప్ప ఆసరా. అయినా ఆపి అడగలేని ఇబ్బంది 1975 నాటిదే. తర్వాత పెద్ద తాకేతెరలు కొన్ని బడులకు వచ్చాయి. వాటితో పాఠం చెప్పాలన్నా తెరకు చెయ్యి అందే దూరంలో ఉండాలి. లేకపోతే ముందు బెంచీలోని పిల్లవాడిని కీబోర్డు దగ్గర కూర్చోబెట్టి "నెక్స్ట్" అంటూ ఉండాలి. ఆ పిల్లవాడికి ఆ పూట పాఠం దక్కదు, చూపంతా టీచరు నోటి మీదనే.

ఫోను ఈ ముడిని విప్పింది. దూరం నుంచి యంత్రాన్ని నడపవచ్చని 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపాడు. 1955లో జెనిత్ కంపెనీ తీగ లేని టీవీ రిమోట్ తెచ్చింది. బ్లూటూత్ సాంకేతికత కోసం కంపెనీల కూటమి 1998లో ఏర్పడ్డాక ఫోనుకూ కంప్యూటరుకూ దగ్గరి బంధుత్వం కుదిరింది. 2003 నాటికే 'సాలింగ్ క్లిక్కర్' అనే సాఫ్ట్‌వేరుతో సోనీ ఎరిక్‌సన్ ఫోను నుంచి మాకింటోష్ స్లైడ్లు మార్చేవాళ్లు. మా బడులకు నిజంగా ఉపయోగపడింది లిబ్రేఆఫీస్. 2013 ఫిబ్రవరిలో వచ్చిన 4.0 వెర్షనుతో అది 'ఇంప్రెస్ రిమోట్' ఇచ్చింది. పైసా ఖర్చు లేదు, ఇంటర్నెట్టు అక్కర లేదు. మైక్రోసాఫ్ట్ ఆ తర్వాత 'ఆఫీస్ రిమోట్' తెచ్చింది.

పనిచేసే తీరు తేలికే. స్లైడ్లు కంప్యూటరులోనే ఉంటాయి. ఫోను "ముందుకు", "వెనక్కు", "ఫలానా స్లైడుకు" అన్న చిన్న సంకేతాలు మాత్రం పంపుతుంది. ఫోను తెర మీద ఇప్పటి స్లైడు, రాబోయేది, నేను రాసుకున్న నోట్సు, గడిచిన సమయం కనిపిస్తాయి. తరగతి గది అంత దూరానికి బ్లూటూత్ చాలు. నేను ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టి బ్లూటూత్ ఒక్కటి ఆన్ చేసుకుంటాను. బ్యాంకు మెసేజీ, పెండ్లి పిలుపు పాఠం మధ్యలో చొరబడకుండా ఉంటాయి.

ఇప్పటికీ పిలిచినప్పుడు బడికి వెళ్లి పాఠం చెబుతుంటాను. మూసీ నది పాఠం నాకు ఇష్టం. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మీదుగా మా జిల్లాలో పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే దారిని మ్యాపుతో చూపుతాను. 1908 సెప్టెంబరు వరద ఫోటో దగ్గర ఆగుతాను. ఆ తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చూపుతాను. కొండగడప నుంచో పాలడుగు నుంచో వచ్చే పిల్ల చివరి బెంచీలో అర్థం కాక నుదురు ముడిస్తే ఆమె పక్కకు నడిచి వెళ్తాను. అక్కడి నుంచే మ్యాపును మళ్లీ వెనక్కు తెస్తాను. తెర ఆమెకు ఎంత చిన్నగా కనిపిస్తుందో నాకూ తెలుస్తుంది, అక్షరాల సైజు మరుసటి రోజు పెంచుతాను. ఫోనులో తెరను నల్లగా చేసే మీట ఒకటి ఉంది. ప్రశ్న అడిగేటప్పుడు అది నొక్కుతాను. బొమ్మ పోగానే పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని ఆలోచించడం మొదలుపెడతారు.

కూనపులి కథకుడికి ఉన్న అధికారం టీచరుకు ఇట్లా తిరిగి వచ్చింది. యంత్రం దగ్గర కట్టేసినట్టు నిలబడే బాధ తప్పింది, ఇంకొకరి చేతి కోసం ఆగే అవసరమూ పోయింది. కానీ అధికారం చేతికి రావడం ఒకటి, దాన్ని వాడే నేర్పు ఇంకొకటి. చాలా తరగతుల్లో స్లైడ్లు పరుగులు తీస్తున్నాయి. నలభై స్లైడ్లు ఒక పీరియడులో ముగించామని సంతోషపడుతున్నాం. బొమ్మ మీద ఎంతసేపు నిలవాలి, ఎక్కడ మాట ఆపాలి, ఎవరి ముఖం చూసి ముందుకు కదలాలి అన్నది ఏ యాప్‌లోనూ రాసి ఉండదు.

అది తెలిసినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. పటం పాతబడి చినిగిపోతే వాళ్లు దాన్ని పారేయరు, శాస్త్రోక్తంగా నదిలో కలుపుతారు. కొత్త పటం రాయించుకునే స్తోమత లేక, వినే జనం తగ్గి, ఎన్నో కుటుంబాలు కథ మానేశాయి. అయినా పటం పట్టుకుని రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టగల కథకులు ఇంకా మిగిలి ఉన్నారు. టీచర్ల శిక్షణ జరిగే ప్రతి చోటా ఏడాదికొక రోజు వాళ్లకు కేటాయించాలని నా కోరిక. ముందు వాళ్ల పటంతోనే కథ చెప్పించాలి. తర్వాత అదే పటం ఫోటోలు స్లైడ్లుగా తెర మీద పెట్టి, ఫోను వాళ్ల చేతికే ఇవ్వాలి. ఏ బొమ్మ దగ్గర ఎందుకు ఆగారో, ఎందుకు కదిలారో టీచర్లు అడిగి రాసుకోవాలి. యూనివర్సిటీ నుంచి వచ్చే అతిథి ఉపన్యాసకుడికి ఇచ్చే గౌరవం, ఇచ్చే పారితోషికం రూపాయి తగ్గకుండా వాళ్లకూ ఇవ్వాలి. ఈ విద్యలో వాళ్లే మన గురువులు, ఆ సంగతి ప్రభుత్వ కాగితం మీద కూడా ఉండాలి.